40 లింకులు, 40 నిమిషాల పీరియడ్: క్లాసుకి పనికొచ్చే ఫ్రీ పాఠాలు ఎలా వెతకాలి?

ఈ ఎపిసోడ్ ముఖ్యంగా కొత్త టీచర్ల కోసం. బీఈడీ, డీఈడీ చదువుతున్నవాళ్లకీ, సాయంత్రం అరుగు మీద పక్కింటి పిల్లలకి ట్యూషన్ చెప్పేవాళ్లకీ కూడా పనికొస్తుంది. 2025 మెగా డీఎస్సీ 16,347 పోస్టులకి నోటిఫికేషన్ ఇచ్చారు కదా, అందులో సెలెక్ట్ అయి ఇప్పుడిప్పుడే చాక్‌పీస్ పట్టుకున్నవాళ్లు మన వ్యూయర్స్‌లో ఉన్నారు. మా అక్క కూడా అందులో ఒకరు. మా పెదనాన్న గారి అమ్మాయి. దివిసీమలో నాగాయలంక వైపు ఒక ఊళ్లో పోస్టింగ్ వచ్చింది. సైన్స్ చెబుతుంది.

జాయినైన వారానికే నాకు ఫోన్ చేసింది. "ఒరేయ్ తమ్ముడూ, నువ్వు సాఫ్ట్‌వేర్‌లో చేశావుగా, ఆరో తరగతికి కరెంటు పాఠం చెప్పాలి, నెట్‌లో ఏమైనా మంచివి ఉంటే పంపరా" అంది. అంతే, మనకి ఆవేశం వచ్చేసింది. రాత్రి ఒంటిగంట దాకా కూర్చుని వీడియోలు, పీడీఎఫ్‌లు, క్విజ్‌లు, యాప్‌లు అన్నీ ఏరి, మొత్తం 40 లింకులు వాట్సాప్‌లో పంపాను. పొద్దున్నే రిప్లై వచ్చింది: "నువ్వు పంపినవి 40 లింకులు. నాకున్నది 40 నిమిషాల పీరియడ్. ఇవన్నీ ఎప్పుడు చూడను, ఎప్పుడు చెప్పను?"

నాకు కాస్త పొడుచుకుంది. సరే, నేనే వచ్చి చూపిస్తానక్కా అన్నాను. హెడ్‌మాస్టర్ గారి పర్మిషన్ తీసుకుంది. గుడివాడలో బస్సెక్కి పామర్రు, చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ మీదుగా వెళ్లాను. క్లాసులో 32 మంది పిల్లలు. గోడకి పెద్ద టచ్ ప్యానెల్ ఉంది. నా ఫోన్ హాట్‌స్పాట్ కలిపి, నాకు బాగా నచ్చిన యానిమేషన్ వీడియో పెట్టాను. 20 సెకన్లు ఆడింది. ఆ తర్వాత మధ్యలో తెల్ల చక్రం తిరగడం మొదలైంది. పిల్లలు ఒక నిమిషం ఆ చక్రాన్నే చూశారు, తర్వాత నన్ను చూశారు. అక్క మాత్రం బోర్డు వైపు చూస్తూ నిలబడింది. ఫోన్ పట్టుకుని కిటికీ దగ్గరికి, వరండాలోకి తిరిగాను. పీరియడ్‌లో 12 నిమిషాలు అలా పోయాయి. వీడియో చివరికి ఆడింది, పిల్లలు చప్పట్లు కూడా కొట్టారు. అసలు సంగతి ఆ తర్వాత బయటపడింది.

అక్క అందరినీ నోట్‌బుక్‌లో ఒక బొమ్మ గీయమంది. ఒక టార్చి సెల్లు, ఒక చిన్న బల్బు, వైర్లు. బల్బు వెలగాలంటే ఎలా కలుపుతారు? దాదాపు సగం మంది సెల్లు నుంచి బల్బుకి ఒకే ఒక్క గీత గీశారు. అంటే ఒకే వైరు. అప్పుడే వీడియో చూసి, చప్పట్లు కొట్టిన పిల్లలే!

ఎందుకలా గీశావని ఒక అబ్బాయిని అడిగాను. వాడు చాలా మామూలుగా చెప్పాడు: "మా రొయ్యల చెరువు దగ్గర ఏరియేటర్‌కి ఒక్క వైరే కదా సార్ వెళ్లేది." ఇంట్లో బల్బుకి కూడా పై నుంచి ఒక్క వైరే దిగుతుంది. ఫ్యానుకీ ఒక్కటే, టీవీకీ ఒక్కటే. వాడు చూసిన ప్రపంచంలో కరెంటు ఒక్క వైరులోనే వస్తుంది. నేను పంపిన 40 లింకుల్లో ఒక్కదానిలో కూడా ఈ ప్రశ్నకి జవాబు లేదు. ఎందుకంటే నేను వెతికింది "విద్యుత్ పాఠం" అని. వాడు ఎక్కడ ఆగాడో తెలుసుకుని వెతకలేదు.

సో ఈ ఎపిసోడ్ మొత్తంలో ఒక్క మాట గుర్తుపెట్టుకోండి చాలు. టాపిక్‌తో వెతకకండి. పిల్లలు ఆగిపోయిన చోటుతో వెతకండి. పాఠానికి ముందు రోజు 5 నిమిషాలు కేటాయించి ఒక చిన్న ప్రశ్న అడగండి, బొమ్మ గీయించండి. తప్పులు ఎక్కడున్నాయో చూడండి. ఆ తర్వాతే ఫోన్ తీయండి.

సరే, ఇప్పుడు ఫోన్ తీశాం. ఎక్కడ వెతకాలి? నేను వాడి చూసినవి చెబుతాను.

మొదటిది మీ చేతిలోనే ఉంది, టెక్స్ట్‌బుక్. పాఠం దగ్గర క్యూఆర్ కోడ్ ఉంటుంది చూడండి. చాలామంది దాన్ని డిజైన్ అనుకుని వదిలేస్తారు. ప్లే స్టోర్‌లో దీక్షా యాప్ వేసుకుని అందులోంచి స్కాన్ చేస్తే ఆ పాఠానికి సంబంధించిన వీడియోలు, ప్రశ్నలు వస్తాయి. దీక్షా కేంద్ర ప్రభుత్వానిది, 2017లో మొదలైంది. పేజీ చిరిగిపోయి స్కాన్ అవ్వకపోయినా కంగారు పడక్కర్లేదు. కోడ్ కింద 6 అక్షరాలు, అంకెలు కలిసి ఉంటాయి, అవి యాప్‌లో టైప్ చేసినా చాలు. ఇంకో మంచి సంగతి, యాప్‌లో డౌన్‌లోడ్ చేసుకుంటే తర్వాత నెట్ లేకుండా చూడొచ్చు. అన్ని పాఠాలకీ ఒకే క్వాలిటీ ఉండదు, అది నిజమే. కానీ మన సిలబస్‌కి అతికేది కాబట్టి మొదట ఇక్కడే చూడండి.

రెండోది ఫెట్. ఇంగ్లిష్‌లో పి, హెచ్, ఇ, టి అని కొట్టండి. అమెరికాలోని కొలరాడో యూనివర్సిటీ వాళ్లది. ఫిజిక్స్‌లో 2001 నోబెల్ తీసుకున్న కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టారు. ఇవి వీడియోలు కావు, సిమ్యులేషన్లు. అంటే పిల్లలు చేత్తో కదిపి చూసేవి. కరెంటు పాఠానికైతే సర్క్యూట్ కన్‌స్ట్రక్షన్ కిట్ అని ఉంటుంది. సెల్లు, బల్బు, వైర్లు లాగి కలిపితే, వలయం పూర్తయినప్పుడే బల్బు వెలుగుతుంది, వైర్లలో చుక్కలు కదులుతూ కనిపిస్తాయి. చాలా సిమ్యులేషన్లు తెలుగులో కూడా ఉన్నాయి. నాలాంటి సాఫ్ట్‌వేర్ వాడికి బాగా నచ్చిన విషయం ఏంటంటే, ఒక్కో సిమ్యులేషన్ ఒక్క ఫైలుగా డౌన్‌లోడ్ అవుతుంది. ఇంట్లో వైఫై దగ్గర దించుకుని పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటే, ప్యానెల్ మీద బ్రౌజర్‌లో నెట్ లేకుండానే నడుస్తుంది. ఆ తెల్ల చక్రం బాధ ఇక ఉండదు.

మూడోది అరవింద్ గుప్తా గారి సైట్. ఆయన ఐఐటీ కాన్పూర్‌లో ఇంజినీరింగ్ చదివి, పుణెలో టెల్కోలో ఉద్యోగం చేసి, తర్వాత పిల్లల సైన్స్ వైపు వచ్చేశారు. పారేసే వస్తువులతో బొమ్మలు చేయడం ఆయన పద్ధతి. స్ట్రాలు, అగ్గిపుల్లలు, సైకిల్ ట్యూబ్ ముక్కలు, పాత అయస్కాంతాలు ఉంటే చాలు. 2018లో పద్మశ్రీ ఇచ్చారు. సైట్‌లో ఫోటోలు, చిన్న వీడియోలు, తెలుగు పుస్తకాలు కూడా ఉన్నాయి, అన్నీ ఫ్రీ. ల్యాబ్ లేని స్కూలుకి ఇంతకంటే మంచి చోటు నాకు కనిపించలేదు.

నాలుగోది ప్రైమరీ టీచర్ల కోసం. స్టోరీవీవర్ అని ప్రథమ్ బుక్స్ వాళ్లది, 2015లో మొదలైంది. తెలుగులో బోలెడు బొమ్మల కథలు ఉన్నాయి. లెవెల్ 1 నుంచి 4 దాకా ఉంటాయి. పిల్లవాడు మూడో తరగతి కావచ్చు, కానీ చదవడం ఇంకా కూడబలుక్కుంటూ ఉంటే లెవెల్ 1 ఇవ్వండి. క్లాసు నంబరు చూసి కాదు, చదివే తీరు చూసి ఇవ్వాలి. పీడీఎఫ్ దించుకోవచ్చు, ప్రింట్ తీసుకోవచ్చు. ఇంకా, మీరే ఒక కథని మన యాసలోకి మార్చి మళ్లీ పెట్టొచ్చు కూడా.

ఐదోది కివిక్స్ యాప్. తెలుగు వికీపీడియా మొత్తాన్ని ఒకేసారి ఫోన్‌లో దించుకుని నెట్ లేకుండా చదువుకోవచ్చు. సిగ్నల్ ఒక్క గీత దగ్గరే ఆగిపోయే ఊళ్లకి ఇది పెద్ద లైబ్రరీ. కాకపోతే వికీపీడియాలో ఎవరైనా రాయొచ్చు కాబట్టి, తేదీలు, అంకెలు క్లాసులో చెప్పే ముందు టెక్స్ట్‌బుక్‌తో సరిచూసుకోండి.

ఇప్పుడు సెర్చ్ చేసే పద్ధతి. మనం ఇంగ్లిష్‌లో లెసన్ ప్లాన్ అని కొడితే ఎక్కడెక్కడివో, డబ్బు కట్టమనేవి వస్తాయి. తెలుగులో కొట్టి చూడండి. మన టెక్స్ట్‌బుక్‌లో యాక్టివిటీని "కృత్యం" అంటారు. "విద్యుత్ వలయం కృత్యం" అని కొడితే మన టీచర్లు చేసినవే పైకి వచ్చే అవకాశం ఎక్కువ. ఇంగ్లిష్‌లో కొట్టేటప్పుడు టాపిక్ పక్కన మిస్‌కన్సెప్షన్స్ అనే మాట కలపండి. పిల్లలు సాధారణంగా ఎక్కడ తప్పు అర్థం చేసుకుంటారో ఆ లిస్టు వస్తుంది. ఒక్క వైరు చాలు అనుకోవడం ఒక్క దివిసీమ పిల్లల సంగతే కాదండీ, ప్రపంచమంతా పిల్లలు అలాగే అనుకుంటారు. దాని మీద టీచర్లు ఎప్పటినుంచో రాస్తున్నారు. నాకు ఆ మాట తెలియక 40 లింకులు పోగేశాను. యూట్యూబ్‌లోనైతే ఫిల్టర్‌లోకి వెళ్లి చిన్న వీడియోలు మాత్రమే పెట్టుకోండి. 25 నిమిషాల వీడియో చూపిస్తే ఇక మీరు మాట్లాడేదెప్పుడు, పిల్లలు మాట్లాడేదెప్పుడు?

దొరికిందనుకోండి, వాడే ముందు 4 విషయాలు చెక్ చేయండి. ఒకటి, మొదటి నుంచి చివరి దాకా మీరు చూశారా? సగంలో తప్పు ఉంటే క్లాసులో మీరే ఇరుక్కుంటారు. రెండు, నెట్ లేకుండా నడుస్తుందా? ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టి ఇంట్లోనే టెస్ట్ చేయండి. మూడు, ఫ్రీ అంటే చూడ్డానికి ఫ్రీనా, పంచుకోవడానికి కూడా ఫ్రీనా? రెండూ ఒకటి కాదు. క్రియేటివ్ కామన్స్ అని రాసి ఉంటే, వాళ్లు పెట్టిన షరతు ప్రకారం పేరు చెప్పి పంచుకోవచ్చు. ఎవరో అమ్ముకునే గైడ్‌ని స్కాన్ చేసి టెలిగ్రామ్‌లో పెడితే అది ఫ్రీ రిసోర్స్ అవ్వదు, దొంగ సరుకు అవుతుంది. నాలుగు, పిల్లల పేర్లు, ఫోన్ నంబర్లు, ఫోటోలు అడుగుతోందా? అడిగితే అక్కడితో ఆపేయండి. వర్క్‌షీట్ కోసం పిల్లవాడి అమ్మ గారి నంబరు ఇవ్వాల్సిన పని లేదు.

"చాట్‌బాట్‌ని అడిగితే సరిపోతుంది కదా బ్రో" అనేవాళ్లకి కూడా చెబుతాను. అడగండి, తప్పు లేదు. ఐడియాలు బాగానే ఇస్తుంది. కానీ తప్పు చెప్పినప్పుడు కూడా అంతే ధీమాగా చెబుతుంది. ప్రయోగం అయితే ముందు మీరు చేసి చూడండి. లెక్క అయితే మీరు కట్టి చూడండి. పైగా చెరువు గట్టు మీద ఆ అబ్బాయి ఏం చూశాడో మీరు చెప్పకపోతే దానికి తెలియదు.

అలా అని అన్నీ నెట్‌లోనే దొరకాలని లేదు. మన చుట్టుపక్కలే ఎన్ని పాఠాలు ఉన్నాయో చూడండి. పెడన కలంకారీ మనందరికీ తెలుసు. కరక్కాయ నీళ్లలో తడిపిన గుడ్డ మీద ఇనుము, బెల్లం ఊరబెట్టిన నీళ్లతో అద్దితే నల్ల రంగు వస్తుంది. అది కెమిస్ట్రీ. క్లాసులో చేయాలంటే తుప్పు పట్టిన మేకుల్ని వెనిగర్‌లో ఒకటి రెండు రోజులు ఉంచి, ఆ నీళ్లు కొంచెం చిక్కటి టీ డికాక్షన్‌లో పోయండి. డికాక్షన్ నల్లబడుతుంది. కరక్కాయలో, టీలో ఉండే టానిన్లు ఇనుముతో కలిస్తే జరిగే పనే అది. రసాయన మార్పు అనే మాట బోర్డు మీద రాయకముందే పిల్లలు కళ్లతో చూసేస్తారు. తాగనివ్వకండి మరి!

ఇంకోటి. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చింది. ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ అనే శాస్త్రవేత్త గుంటూరు వచ్చి చూశాడు. మద్రాసు అబ్జర్వేటరీ నుంచి పోగ్సన్ మన బందరు వచ్చి చూశాడు. ఆ ఏడాది సూర్యుడి కాంతిలో కనిపించిన ఒక పసుపు గీత గుట్టు విప్పబోతేనే హీలియం సంగతి బయటపడింది. భూమి మీద దాన్ని 1895లో గానీ పట్టుకోలేకపోయారు. మూలకాల పాఠం చెప్పేటప్పుడు బందరు పిల్లలకి ఈ కథ చెప్పి చూడండి, ఆ పేరు ఇక మర్చిపోరు. జాగ్రఫీలో డెల్టా పాఠం ఉంటే గూగుల్ ఎర్త్‌లో టైమ్‌లాప్స్ పెట్టి హంసలదీవి దగ్గర కృష్ణ సముద్రంలో కలిసే చోటు చూపించండి. ఏళ్లు గడిచేకొద్దీ ఒడ్డు ఎలా మారిందో పిల్లల్నే చెప్పమనండి. క్లాసులో నెట్ ఉండదు అనుకుంటే ముందు రోజే స్క్రీన్ రికార్డ్ చేసుకోండి. తుఫాను పాఠం అయితే 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన తాతలు, మామ్మలు ఇంకా మన ఊళ్లలో ఉన్నారు. వాళ్లు చెప్పడానికి ఇష్టపడితేనే, మెల్లగా అడిగి రాసుకు రమ్మనండి. ఎవరినైనా పోగొట్టుకున్న ఇల్లయితే బలవంతం వద్దు.

సరే, మళ్లీ అక్క క్లాసుకి వద్దాం. రెండో రోజు కూడా ఉన్నాను. ఈసారి నేను వెనక బెంచీలో కూర్చున్నాను, అక్క చెప్పింది. అవనిగడ్డలో ఎలక్ట్రికల్ షాపులో అడిగి జానెడు పాత కేబుల్ ముక్క తెచ్చింది. దేనికీ కలిపి లేని ముక్క. బ్లేడుతో పై తొడుగు చీల్చి చూపించింది. లోపల వేర్వేరు రంగుల్లో విడివిడిగా తీగలు! ఒక్క వైరు అనుకున్నది ఒక్కటి కాదు. క్లాసంతా "ఓ" అంది. తర్వాత నలుగురు నలుగురికి ఒక టార్చి సెల్లు, ఒక చిన్న బల్బు, రెండు ముక్కల వైరు ఇచ్చింది. ఒక్క వైరుతో ప్రయత్నించారు, వెలగలేదు. రెండోది కలిపితే వెలిగింది. అప్పుడు మాత్రమే పెన్‌డ్రైవ్ పెట్టి ప్యానెల్ మీద ఫెట్ తెరిచింది, 6 నిమిషాలు. తీగలోపల ఏం కదులుతుందో చేత్తో చూడలేం కాబట్టి, అంతవరకే. ఇది అక్క దగ్గర నేను నేర్చుకున్నది: చేత్తో చూపించగలిగింది ఫోన్‌లో చూపించకండి. కంటికి కనపడని దానికే ఫోన్ వాడండి.

అప్పుడు ఆ అబ్బాయే లేచి అడిగాడు. "మరి టీచర్, ఒక్క వైరు ముట్టుకుంటే వలయం అవ్వదుగా, షాక్ ఎందుకు కొడుతుంది?"

క్లాసు నిశ్శబ్దమైపోయింది. ఇది పరీక్షలో వచ్చే ప్రశ్న కాదు. ఆ పిల్లలు సెలవు రోజుల్లో నాన్నతో చెరువు దగ్గరికి వెళ్తారు. తడి గట్టు, కింద పాకే వైర్లు, అక్కడక్కడా టేపు చుట్టిన జాయింట్లు. అక్క నిదానంగా చెప్పింది. కరెంటు లైన్లో ఒక తీగని ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర భూమిలోకి కలిపి ఉంచుతారు. నువ్వు తడి నేల మీద నిలబడి ఒక్క తీగ ముట్టుకుంటే, నీ ఒళ్లు, నేల కలిసి రెండో వైరు అయిపోతాయి. వలయం నీతోనే పూర్తవుతుంది. అందుకే మనం ఆడుకునేది సెల్లుతో మాత్రమే, గోడ ప్లగ్గుతో ఎప్పుడూ కాదు. చెరువు దగ్గర తెగిన వైరు కనిపిస్తే ముట్టుకోకుండా దూరంగా ఉండి పెద్దవాళ్లని పిలవాలి. ఎవరికైనా షాక్ కొడుతుంటే వాళ్లని పట్టుకుని లాగకూడదు, ముందు మెయిన్ ఆపమనాలి.

ఆ రోజు సాయంత్రం నేను పంపిన 40 లింకుల మెసేజ్ డిలీట్ చేశాను. దాని బదులు ఒక్కటే పంపాను, ఫెట్ ఫైలు. అక్క ఒక థంబ్ పెట్టి, కింద రాసింది: "ఇప్పుడు చెప్పు, వచ్చే వారం నీడల పాఠం ఉంది. ముందు పిల్లలు ఏం గీస్తారో చూసి నీకు పంపుతా, ఆ తర్వాత వెతుకు."

సో మీకు నా నుంచి ఒక చిన్న హోంవర్క్. ఈ వారం ఒక్క పాఠం తీసుకోండి. పిల్లల్ని ఒక ప్రశ్న అడిగి, వాళ్లు ఆగిన చోటు ఒక్క వాక్యంలో రాసుకోండి. ఆ వాక్యంతో వెతికి, ఒక్కటంటే ఒక్కటే ఎంచుకుని, ఫ్లైట్ మోడ్‌లో టెస్ట్ చేసి, క్లాసులో వాడండి. ఏం జరిగిందో నాకు చెప్పండి, బాగా రాకపోయినా చెప్పండి, అదే ఎక్కువ పనికొస్తుంది. మీ ఇంట్లోనో, మీ ఫ్రెండ్స్‌లోనో కొత్త టీచర్ ఉంటే ఈ ఎపిసోడ్ వాళ్లకి పంపండి. ఇదొక్క లింకే పంపండి, 40 కాదు. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటానండీ.